ఎండ తగలనీయకు

కాట్పాడి,
8 జనవరి 2023

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు అంత లావున రాస్తే పేజీకి పది వాక్యాలు కూడా పట్టవు. చత్వారం నీకు వచ్చింది గానీ నాకు రాలేదు. కళ్లద్దాలు మార్పించుకో.

ఇప్పుడు కూర్చుని చదువు. నాకు ఐదో నెల. ఇన్నాళ్లూ దాచానని కోప్పడకు. ఈ బిడ్డకు కూడా అక్క నిస్సీకున్న జబ్బే ఉంటుందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. మూడో నెలలో పరీక్ష చేశారు. బిడ్డకు తలసీమియా లేదు. ఇంకో మాట కూడా చెప్పారు. బిడ్డ కణాలు నిస్సీకి సరిగ్గా జత కుదిరాయట. తోడబుట్టిన నలుగురిలో ఒక్కరికి అలా కుదురుతుందని డాక్టరు గారు అన్నారు.

బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోసి పారేస్తాం కదా. ఆ తాడులో మిగిలిపోయే రక్తాన్ని ఇప్పుడు ఒక సంచిలోకి పట్టి భద్రం చేస్తారు. కొత్త రక్తాన్ని తయారుచేసే కణాలు అందులో ఉంటాయి. నిస్సీ ఎముకల్లో రక్తం సరిగ్గా తయారుకావడం లేదు కాబట్టి, మందులతో అదంతా ఖాళీ చేసి ఈ కణాలు ఎక్కిస్తారు. అవి నిలదొక్కుకుంటే మూడు వారాలకోసారి రక్తం ఎక్కించే పని ఉండదు. పుట్టిన బిడ్డకు చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. ఆరేళ్ల నుంచి సూదుల మధ్యే పెరిగిన పిల్ల అన్నయ్యా. నరం దొరక్కపోతే "ఈ చెయ్యి చూడండి ఆంటీ" అని తనే రెండో చెయ్యి చాపుతోంది.

పురుడు ఇక్కడే పోసుకుంటే మంచిదని మీ బావ అంటున్నాడు. నీకు ఫోను చేసి చెప్పి నీ గొంతు వినాలని ఉంది. కుదరదు కదా. త్వరగా రాయి.

ఎస్తేరు


రెంటచింతల,
17 జనవరి 2023

ఎస్తేరూ,

ఐదో నెల దాకా దాచావంటే నీది మామూలు గుండె కాదు. ఉత్తరం సోడా షాపులోనే చదివి నవ్వాను. నవ్వితే నాకు గొంతు దగ్గరి రంధ్రంలోంచి గాలి మాత్రమే వస్తుంది. దానయ్య బాబాయి పక్క కొట్లోంచి పరిగెత్తుకొచ్చి "ఏందిరా, పొలమారిందా?" అంటూ వీపు మీద నాలుగు వేశాడు. సంతోషం కూడా తీరిగ్గా పడనివ్వరు.

గొంతు ఆపరేషనై మాట పోయిన కొత్తలో అందరూ నాతో ఎక్కువగా మాట్లాడేవాళ్లు. ఇప్పుడు నన్ను చూసి వాళ్లూ మాట్లాడడం మానేశారు. రెండు వేళ్లు చూపిస్తే రెండు సోడాలు. నాకు చెవులు బాగానే ఉన్నాయని పలక మీద రాసి కట్టుకోవాలనిపిస్తుంది. ఎవరినైనా పిలవాలంటే ఓపెనరుతో సీసా మీద టింగుమని కొడతాను. ఇప్పుడు నా మాట అదే. నువ్వు ఫోనులో టైపు చెయ్యమంటావు గానీ, నేను రెండు ముక్కలు కొట్టేసరికి బస్సు వచ్చి సోడా అడిగినవాడు ఎక్కేసి పోతాడు. కాగితమే నయం.

పురుడు మాత్రం ఇక్కడే. అమ్మ లేదు, నాన్న లేడు. నీకు పుట్టిల్లు అంటూ ఒకటి మిగిలిందంటే అది నేనున్నన్నాళ్లే. నిస్సీ పుట్టినప్పుడు నేను గుంటూరు ఆసుపత్రిలో గొంతు చూపించుకుంటూ తిరిగాను, నీకు ఏమీ చేయలేకపోయాను. మాచర్లలో మంచి డాక్టరమ్మ ఉంది. పక్కింటి ప్రిస్కిల్లా నీ వెంట ఉంటానంది. ఆ రక్తం పట్టే సరంజామా ఎక్కడికైనా పంపుతారంటే ఇక్కడికే పంపమను. ఈ ఒక్కసారికి నా మాట నెగ్గనీ.

నీ అన్న
ఫ్రాన్సిస్


కాట్పాడి,
2 ఏప్రిల్ 2023

అన్నయ్యా,

నీ మాటే నెగ్గింది. ఇరవయ్యో తారీఖుకు వస్తాను. జూన్ మొదటి వారంలో పురుడు. మీ బావ మే ఆఖరుకు సెలవు పెట్టి నిస్సీని తీసుకుని వస్తాడు. అప్పటిదాకా ఇక్కడ దాని రక్తం తప్పించకూడదు.

నాకంటే ముందే ఆ రక్తం పట్టే సరంజామా పెట్టె కొరియర్లో వస్తుంది. మన షాపు అయితే ఎవరైనా చూపిస్తారని ఆ చిరునామా ఇచ్చాను. బిడ్డ పుట్టగానే మాచర్లలో నర్సు రక్తం పట్టి అందులో పెట్టి ఇస్తుంది. తీసుకెళ్లే మనిషి మళ్లీ మన షాపుకే వస్తాడు. రెండు రోజుల్లోగా హైదరాబాదులో ఇలాంటి రక్తం దాచే బ్యాంకుకు చేరాలి.

మన ఊరి మే నెల సంగతి నీకు నేను చెప్పాలా. ఒక్కటే జాగ్రత్త. పెట్టెకు ఎండ తగలనీయకు. మూడు గీతలు గీశాను చూడు. మిగతాదంతా పెట్టెలోని కాగితంలో ఉంది, మీ బావ వచ్చాక చూసుకుంటాడు.

ఆవకాయ కలిపి ఉంచమని ప్రిస్కిల్లా అక్కతో చెప్పు. చెప్పలేవు కదా. రాసి చూపించు.

ఎస్తేరు


రెంటచింతల,
24 జూన్ 2023

ఎస్తేరూ,

మీరు రైలెక్కి వారమైంది. చీరతో కట్టిన ఉయ్యాల ఇంకా విప్పలేదు. ప్రిస్కిల్లా వచ్చి "ఖాళీ ఉయ్యాల ఉంచకూడదు, ఇప్పెయ్యి" అని రెండుసార్లు చెప్పింది. రేపు విప్పుతాను.

రెండు నెలలు ఇల్లంతా మాటలే. నువ్వు నన్ను తిడుతూ, చివర్లో బావ, నిస్సీ వచ్చాక ఆ పిల్ల ప్రశ్నలు. నాన్న పేరు పెట్టుకున్న మన చిన్న ఇన్నాసి, ఆ తాతలాగే అరుస్తూ. ఎంత ఏడుస్తున్నా ఓపెనరుతో గ్లాసు మీద ఒక్కటి కొడితే ఆగి చూసేవాడు. ఇప్పుడు పొద్దున లేస్తే నా ఊపిరి నాకే వినపడుతోంది. పోయిన ఆదివారం గుడిలో పాటల వాళ్ల వెనక వరసలో నిలబడ్డాను. పాతికేళ్ల పాటు ముందు వరసలో పాడినవాణ్ణి. పెదాలు కదిలించి వచ్చాను.

ఆ రోజే కళ్లముందు తిరుగుతోంది. రెండు వారాల ముందే నీకు నొప్పులు రావడం, బావ అందుకోలేకపోవడం, నువ్వు మాచర్లలో మంచం మీద, ప్రిస్కిల్లా నీ పక్కన, నేను ఒళ్లో పెట్టెతో బస్సులో. బ్యాంకు వాళ్లు ఏమైనా రాశారా? రక్తం సరిగ్గా అందిందన్నారా?

ఇక్కడ విశేషాలేమీ లేవు. దానయ్య బాబాయి చల్లబడుతుందని సోడా సీసా ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయాడు. అది పగిలింది. గాజుపెంకులు ఏరేసరికి సాయంత్రమైంది.

బ్యాంకు నుంచి కబురు రాగానే రాయి. మర్చిపోకు.

ఫ్రాన్సిస్


కాట్పాడి,
19 జూలై 2023

అన్నయ్యా,

రక్తం పనికిరాదన్నారు.

కణాలన్నీ పగిలిపోయాయట. బతికినవి లేవు. దారిలో ఎక్కడో ఉష్ణోగ్రత దెబ్బ తగిలిందని రాశారు. కాగితం నాలుగు రోజులుగా దిండు కింద పెట్టుకుని ఉన్నాను. నిస్సీకి ఏం చెప్పాలి? తమ్ముడు నీకు మందు తెచ్చాడని ఇన్నాళ్లూ చెప్పాం. నిన్న వాడి పిడికిళ్లు విప్పి చూస్తోంది, ఎక్కడ పెట్టాడోనని.

మీ బావ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. కొరియర్ వాళ్లకు ఫోను చేసి అరిచాడు. మన షాపుకు వచ్చి తీసుకెళ్లిన ఖాదర్ వలి అనే అతను నరసరావుపేటలో బండి ఆపి భోజనానికి ఇంటికి వెళ్లాడట. ఆ ఎండలో, తలుపులు మూసిన బండిలో. అతన్ని పని నుంచి ఆపేశారు. ఆపరా మరి. నా బిడ్డ ప్రాణం బండిలో పెట్టి అన్నం తిన్నాడు.

ఫిర్యాదుకు నీ నుంచి ఒక కాగితం కావాలి. శనివారం పొద్దున మాచర్ల నుంచి తెచ్చినప్పటి నుంచి ఆదివారం అతనికి ఇచ్చేదాకా పెట్టెను ఎక్కడ ఉంచావో రాసి సంతకం పెట్టి పంపు. నువ్వు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన సంగతి కూడా రాయి. నీ అంత జాగ్రత్త ఆ మనిషికి ఉంటే మనకు ఈ గతి పట్టేది కాదు.

ఎస్తేరు


రెంటచింతల,
27 జూలై 2023

ఎస్తేరూ,

కాగితం ఇందులోనే పెట్టాను. ఇంట్లో నడవలో, నీడలో ఉంచానని రాశాను.

నాకు ఒంట్లో బాగాలేదు. తర్వాత రాస్తాను.

ఫ్రాన్సిస్


కాట్పాడి,
22 ఆగస్టు 2023

అన్నయ్యా,

ఒంట్లో ఏమైంది? నాలుగు వారాలు కావస్తున్నా ఒక్క ముక్క లేదు. ప్రిస్కిల్లా అక్కకు ఫోను చేస్తే "తిరుగుతానే ఉన్నాడమ్మా, అన్నం మాత్రం సరిగ్గా తినట్లా" అంది. గొంతు మళ్లీ చూపించుకున్నావా?

నీ కాగితం చూసి ఏజెన్సీ వాళ్లు ఇక మాట్లాడలేదు. ఖాదర్ వలిని పూర్తిగా తీసేశారు. అతని భార్య నా నంబరు ఎలా పట్టుకుందో, ఫోను చేసింది. "మా ఆయన నీడనే పెట్టాడమ్మా బండి, ఏసీ కూడా ఆపలేదు, నమ్మండి" అని ఏడ్చింది. మీ ఆయన ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, మా పిల్లకు ఇక అన్నం ఎన్నాళ్లు సయిస్తుందో చెప్పమని ఫోను పెట్టేశాను. నేనన్న మాట తప్పనిపించలేదు.

డాక్టరు గారు ఒక దారి చెప్పారు. ఇన్నాసి కణాలు నిస్సీకి ఎలాగూ కుదిరాయి. వాడికి ఏడాది నిండి, పది కిలోలు దాటితే, మత్తిచ్చి వాడి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి ఎక్కించవచ్చట. ప్రమాదం లేదంటారు. కానీ బొడ్డుతాడుతో పోయేదానికి ఇప్పుడు వాడి ఎముకలో సూది దింపాలి. నిస్సీ ఇంకో ఏడాది రక్తం ఎక్కించుకోవాలి. ఒంట్లో ఇనుము పేరుకుంటోంది. దాని ముఖం నల్లబడింది అన్నయ్యా. బళ్లో పిల్లలు అడుగుతున్నారట.

ఒక్కోసారి ఇక్కడే కని ఉంటే బాగుండేదనిపిస్తుంది. నిన్ను అనడం లేదు. నువ్వు ఒక్కడివే కదా నాకు ఏదీ పాడుచేయని మనిషివి.

ఎస్తేరు


రెంటచింతల,
11 సెప్టెంబరు 2023

ఎస్తేరూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఇది చించను.

మొన్న ఖాదర్ వలి షాపుకొచ్చాడు. నా ఈడు మనిషే. నిమ్మసోడా అడిగి సగం తాగాడు. "అన్నా, ఒక మాట అడుగుతా. ఆ రోజు పెట్టె అందుకుంటే చేతికి చానా చల్లగా తగిలింది. అడుగున తడి కూడా ఉంది. ఫ్రీజర్లో గానీ పెట్టావా? నువ్వేం రాయక్కర్లా. తలూపు చాలు. నేను తప్పు చేయలేదని నాకన్నా తెలియాల" అన్నాడు.

మాట పోయినవాడికి తల ఊపడం ఒక్కటే మిగిలింది. అదీ ఊపలేదు. సీసాలు తుడుస్తూ నిలబడ్డాను. అతను మిగతా సగం తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

పెట్టెను ఫ్రీజర్లో పెట్టింది నేనే.

మాచర్ల నుంచి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది. పెట్టె మీద తడి తువ్వాలు కప్పుకుని తెచ్చాను. ఇంట్లో ఫ్యాను వేస్తే వేడిగాలి. గోడ ముట్టుకోలేం. లోపలి కాగితం ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివితే సగమే అర్థమైంది, సందేహముంటే ఫోను చేయమని ఒక నంబరు కనిపించింది. ఫోను చేసి నేనేం చేయను? రోడ్డు మీద ఎవరికైనా రాసి చూపిస్తే చేసిపెట్టేవాళ్లే. అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఈ ఊరి ఎండలో పాలు, ఐసు, మందులు కాపాడినవాణ్ణి, నాకొకరు చెప్పాలా అనుకున్నాను. షాపు ఫ్రీజర్లో ఐసు ప్యాకెట్లు పక్కకు జరిపి పెట్టాను. చల్లదనం బాగా పట్టాలని థర్మాకోలు మూత కూడా తీశాను. ఆదివారం పొద్దున చూస్తే రక్తం సంచి రాయిలా ఉంది. భద్రంగా ఉందని సంతోషించాను ఎస్తేరూ. దేవుడికి దండం పెట్టాను.

మీరు వెళ్లాక దానయ్య బాబాయి పెట్టిన సీసా పగిలింది చూడు, ఆ పెంకులు ఏరుతుంటే తెలిసింది. సోడా గడ్డకడితే సీసా పగులుతుందని వచ్చినవాళ్లందరికీ చెప్పేది నేనే. రక్తంలో కణాలకు మాత్రం ఆ సంగతి వర్తించదనుకున్నానేమో. నీ ఉత్తరం వచ్చేదాకా అలా జరిగి ఉండకూడదని ప్రార్థన చేశాను. వచ్చాక అబద్ధం రాశాను. నేను పోయినా ఫరవాలేదు, నువ్వు నాకు ఉత్తరం రాయడం మానేస్తే ఎలాగని రాశాను. నాతో మాట్లాడే మనిషివి నువ్వు ఒక్కదానివే.

బ్యాంకుకు, ఏజెన్సీకి నిజం రాసి, సంతకం పెట్టి, ఇవాళే రిజిస్టరు పోస్టులో పంపాను. ఖాదర్ వలి దగ్గరికి రేపు వెళ్తాను.

ఫ్రాన్సిస్


రెంటచింతల,
30 అక్టోబరు 2023

ఎస్తేరూ,

ఖాదర్ వలిని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. నరసరావుపేటలో వాళ్లింటికి వెళ్లి కాగితం మీద రాసి చూపించాను. అతను చదివి భార్యకు ఇచ్చాడు. ఆమె చదివి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అతను బస్సు దాకా వచ్చాడు.

నిస్సీకి ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే.

ఫ్రాన్సిస్


రెంటచింతల,
26 డిసెంబరు 2023

ఎస్తేరూ,

నిన్న పండగ. ప్రిస్కిల్లా పలావు పంపింది. మీరందరూ బాగున్నారని తనే చెప్పింది. ఇన్నాసికి పళ్లు వచ్చాయట. నీ గొంతు ఆమె ఫోనులో వినిపిస్తుంటే గోడ ఇవతల నిలబడ్డాను. నా సంగతి నువ్వు అడగలేదు. అడగాలని రాయడం లేదు.

ఫ్రీజరు తీగ పీకేశాను. సోడాలు మామూలువే అమ్ముతున్నాను. చలికాలం కదా, ఎవరూ గొడవ పెట్టడం లేదు.

ఫ్రాన్సిస్


కాట్పాడి,
9 ఫిబ్రవరి 2024

అన్నయ్యా,

అయిదు నెలలు నీకు రాయలేదు. రాయడానికి కూర్చుంటే తిట్లే వచ్చాయి. అవి రాసి చించాను. నీకు ఒక్కడికే కాదు, నాకూ చించడం తెలుసు.

ఫ్రీజరు సంగతికి ఏడ్చాను. నడవలో, నీడలో అని రాసిన కాగితానికి మాత్రం ఒళ్లు మండింది. నీ సంతకం చూసి నేను ఒక ఆడమనిషిని అనరాని మాట అన్నాను. ఖాదర్ వలి భార్యకు ఫోను చేసి క్షమించమని అడిగాను. ఆమె "పాపకెట్లా ఉందమ్మా?" అంది. ఆ తర్వాత నాకు నీ మీద కోపం నిలబెట్టుకోవడం కష్టమైంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది రాయడానికే ఎక్కువ రోజులు పట్టింది. ఆ పెట్టెలోని కాగితం నేను ముందే చదివాను. నకలు నాకూ పంపారు. వేడి తగలకూడదు, ఫ్రీజర్లో పెట్టకూడదు అని పక్కపక్కనే ఉన్నాయి. నీకు రాసేటప్పుడు మొదటిదానికి మూడు గీతలు గీశాను. రెండోది రాయనే లేదు. రెంటచింతలలో చలి వల్ల ఏదైనా పాడవుతుందని నాకు తట్టలేదు. మనిద్దరం ఆ ఊళ్లో పుట్టినవాళ్లమే. నీ షాపులో ఫ్రీజరు ఉందని నాకు తెలియదా? నీ ఉత్తరాలు నా దగ్గరున్నట్టే నావీ నీ దగ్గరుంటాయి. ఏప్రిల్ ఉత్తరం తీసి చూసుకునే ఉంటావు. చూసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

క్షమించావా అని అడగకు. పూర్తిగా తెలియదు. కొన్ని పొద్దుల్లో అయిందనిపిస్తుంది. నిస్సీకి సూది గుచ్చే రోజు మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్నాసి ఇప్పుడు ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. జూన్‌కు పది దాటతాడు. మూలుగ ఎక్కించేటప్పుడు నిస్సీని నెలకు పైగా ఎవరినీ రానివ్వని అద్దాల గదిలో ఉంచుతారు. దానితో నేనొక్కదాన్నే ఉండాలి. బయటికి రాకూడదు. మీ బావకు సెలవు దొరికినన్నాళ్లు మందులకూ రక్తానికీ తిరగాలి. మూలుగ తీశాక ఇన్నాసిని ఎత్తుకునేవాళ్లు లేరు. నన్ను విడిచి ఎప్పుడూ ఉండలేదు వాడు. అద్దం అవతల నేను కనిపిస్తే ఇంకా ఏడుస్తాడు.

నిస్సీకి నేను అన్నీ చెప్పాను. ఏడేళ్ల పిల్లకు చెప్పాలా వద్దా అని మీ బావ జంకాడు. అది విని, "మామయ్య తెలీక పెట్టాడు కదా, మరి మామయ్యకు ఎవరు చెప్పారు నీ తప్పు కాదని?" అంది. ఎవరూ చెప్పలేదన్నాను. తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటారని అడిగితే తనే జవాబు చెప్పింది. "మామయ్య అయితే మంచిది. అందరూ తమ్ముణ్ణి ఊరుకో ఊరుకో అంటారు. మామయ్య అనలేడు."

జూన్ మొదటి వారానికి రా. షాపు దానయ్య బాబాయికి అప్పగించు. అప్పటిదాకా ఆ ఫ్రీజరు తీగ మళ్లీ తగిలించు, ఎండలు వస్తున్నాయి, బస్సు దిగినవాళ్లకు చల్లటి నీళ్లయినా దొరకాలి.

వచ్చేటప్పుడు ఓపెనరు మర్చిపోకు. గ్లాసు ఇక్కడ ఉంది.

ఎస్తేరు